సరస్సు చుట్టూ 38 కిలోమీటర్లు, బండ్లు లేని దారి: 66 ఏళ్ళ నాన్నతో వెళ్ళొచ్చా?

నీలిగట్టు · ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదలు.

మా నాన్నకి 66. ముప్పై ఏళ్ళు పనికి సైకిల్ మీదే వెళ్ళొచ్చిన మనిషి. నాలుగేళ్ళ కిందట ఒక లారీ ఆయన మోచేతిని రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. కానీ ఆ సాయంత్రం సైకిల్ గోడకి ఆనించాక మళ్ళీ ముట్టుకోలేదు. అడిగితే మోకాళ్ళు అంటారు. మోకాళ్ళు కాదని నాకు తెలుసు.

ఈ మధ్య కొండల మధ్య ఉన్న ఒక జలాశయం గురించి తెలిసింది. చుట్టూ 38 కిలోమీటర్ల సర్వీసు దారి ఉంది. గేట్లు వేసి ఉంటాయి, బయటి బండ్లను రానివ్వరు. ఈ సంగతి చెప్పగానే నాన్న చదువుతున్న పేపర్ పక్కన పెట్టేశారు. "సరస్సు చుట్టూ అంటే అంతా చదునే కదా" అన్నారు. ఆ మాటకే నాకు టెన్షన్ మొదలైంది. మ్యాప్ యాప్‌లో ఆ దారి గీసి చూస్తే మొత్తం ఎక్కుడు 540 మీటర్లు చూపిస్తోంది. నీళ్ళు చదునుగా ఉన్నప్పుడు దారికి ఇంత ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది?

తొక్కేది మేమిద్దరమే. మా ఆయన కారుతో వస్తారు. డాక్టరు నాన్న గుండె పరీక్షలన్నీ చూసి, నిదానంగా అయితే తొక్కొచ్చన్నారు. తీసుకెళ్ళడం మంచిదేనా? తీసుకెళ్తే దేనికి సిద్ధపడాలి? ఏ సరస్సుకైనా పనికొచ్చేలా చెప్పినా చాలు.

కాంటూరు · ఆదివారం మధ్యాహ్నం

మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉందండీ. నీటి అంచు చదునే. కానీ దారి నీటి అంచున ఉండదు.

జలాశయం అంటే మునిగిన లోయ. నది లోయతో పాటు అందులో కలిసే చిన్న చిన్న వాగుల లోయలు కూడా మునుగుతాయి. అందుకే మ్యాప్‌లో అది వేళ్ళు చాచిన చెయ్యిలా కనిపిస్తుంది. దారి వేసేవాళ్ళు ప్రతి వేలు దగ్గరా ఆగి ఆలోచించాల్సిందే. నీటి అంచు పట్టుకుని లోపలి కొసదాకా వెళ్ళి తిరిగొస్తే దూరం పెరుగుతుంది. మధ్యలో ఉన్న గుట్టను ఎక్కి దిగితే ఎత్తు పెరుగుతుంది. సర్వీసు దారుల్లో మామూలుగా రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. గుట్ట భుజం మీదుగా ఎక్కడం, వాగు దగ్గరికి దిగడం, చిన్న వంతెన దాటడం, మళ్ళీ ఎక్కడం. ఒక్కోటీ 30, 40 మీటర్లే. అలాంటివి పది వస్తే 400 మీటర్లు అయిపోతాయి.

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న కీల్డర్ జలాశయం దీనికి మంచి ఉదాహరణ. 1982లో ప్రారంభించారు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ గుర్రాలకీ కలిపి దాని చుట్టూ ఒక దారి వేశారు, దాదాపు 42 కిలోమీటర్లు. మారథాన్‌కి సరిగ్గా సరిపోయే దూరం కాబట్టి అక్కడ మారథాన్ కూడా జరుగుతుంది. ఆ దారి పొడవునా ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది.

ఇక మీ 540 సంగతి. ఆ అంకె అంతా నమ్మకండి. యాప్‌లు నేల ఎత్తును గళ్ళ లెక్కన తీసుకుంటాయి. చాలావాటికి మూలం 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతలే. అందులో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. నిటారు వాలు మీద అడ్డంగా వెళ్ళే దారికి ఒక గడిలో పై వాలు ఎత్తు పడితే, పక్క గడిలో కింది వాలు ఎత్తు పడుతుంది. దారి నిజానికి చదునుగానే ఉన్నా, యాప్ గీసిన గీత రంపపు పళ్ళలా లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ పళ్ళన్నీ కూడి మొత్తంలో చేరిపోతాయి. సరస్సు గట్టు వెంబడి దారుల్లో ఇది మరీ ఎక్కువ. నా అంచనా ప్రకారం మీది 400 నుంచి 450 మధ్య ఉండాలి.

మొత్తం కన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఆ ఎత్తు ఏ ఒడ్డున ఎంత ఉంది? అది చూసి చెప్పండి.

నీలిగట్టు · ఆదివారం రాత్రి

కాంటూరు గారూ, చాలా సంతోషం. నాన్నకి చదివి వినిపించాను, చెయ్యి చాచి వేళ్ళు చూసుకున్నారు.

కట్ట తూర్పు కొసన ఉంది. నది వచ్చి కలిసేది పడమర కొసన. రెండు చోట్లా గేటు, కారు ఆపుకునే చోటు ఉన్నాయి. ఉత్తరపు ఒడ్డు 17 కిలోమీటర్లు. యాప్‌లో ఎక్కుళ్ళు అక్కడ తక్కువే ఉన్నాయి. దక్షిణపు ఒడ్డు 21 కిలోమీటర్లు, ఐదు పెద్ద వంకలు (మీరన్న వేళ్ళు), అడవి. ఎత్తులో మూడొంతులు అక్కడే. కట్ట దగ్గర నుంచి మొదలెట్టి ప్రదక్షిణంగా వెళ్దామని అనుకున్నాం.

పాతచైను · సోమవారం ఉదయం

అమ్మా, నాకు 61. ఇలాంటి దారులు ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్నాను. మీ నాన్నగారికి చెప్పండి, 38 కిలోమీటర్లు ఆయనకి పెద్ద దూరం కాదు. ముప్పై ఏళ్ళు తొక్కిన కాళ్ళు మరిచిపోవు. మరిచిపోయేది ఊపిరి. దానికి ఆరు వారాలు చాలు. వారానికి మూడు రోజులు, మొదట గంటసేపు చదునులో, తర్వాత ఒక చిన్న ఎక్కుడు వెతుక్కుని దాన్నే రెండు సార్లు, మూడు సార్లు.

ఒక లెక్క చెబుతాను, ఆయనకి నచ్చుతుంది. మనిషి, సైకిల్, సంచీ కలిపి 85 కిలోలు అనుకుందాం. ఆ బరువును 100 మీటర్ల పైకి చేర్చాలంటే ఒంట్లో సుమారు 80 కిలో క్యాలరీలు ఖర్చవుతాయి. కండరాలు మనం ఖర్చు పెట్టిన శక్తిలో పావువంతునే పనిగా మార్చగలవు, మిగతాది వేడిగా పోతుంది, అదీ కలిపిన లెక్క ఇది. ఏ గేర్‌లో ఎక్కినా ఈ ఖర్చు పెద్దగా మారదు. ఎంతసేపట్లో ఖర్చు పెడతామన్నదే మన చేతిలో ఉంటుంది. వయసు పెరిగాక సైకిల్ మీద నేర్చుకోవాల్సిన విద్య ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. ఎక్కుడు మొదట్లో పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే.

రోడ్డు మీద ఇది కుదరదు. వెనక హారన్ పడుతుంటే ఎవరైనా ఒంట్లో ఉన్నదంతా పెట్టి తొక్కేస్తారు. బండ్లు లేని దారిలో ఎవరూ తరమరు. కాబట్టి కొండల్లో సరస్సు దారి పెద్దవాళ్ళకి కష్టం అనే మాట నేను ఒప్పుకోను. చదునుగా ఉండి లారీలు తిరిగే రోడ్డే వాళ్ళకి ఎక్కువ కష్టం.

స్పోకు · సోమవారం మధ్యాహ్నం

గోడకి ఆనించిన ఆ పాత సైకిల్‌నే తీసుకెళ్దామని నాన్నగారు అంటారేమో. వద్దని చెప్పండి అక్కా. మర్యాదగానే చెప్పండి, ఎందుకంటే ఆ బండి తప్పేం లేదు, అది చేసిన పని వేరు.

పాత సింగిల్ గేర్ బండికి ముందు చైన్‌వీల్‌కి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 5.4 మీటర్లు ముందుకెళ్తుంది. అదే ముందు 28, వెనక 34 ఉన్న గేర్ బండిలో ఒక్క చుట్టుకి 1.7 మీటర్లే. ఎక్కుడులో మోకాలి మీద పడే బరువు అంత మేరకు తగ్గుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 6 కిలోమీటర్ల వేగం వస్తుంది. నడక కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఎక్కుడుకి అది చాలు. వెనక పెద్ద పళ్ళచక్రం ముందున్న చిన్నదానికన్నా పెద్దదై ఉండాలి. బండి చూసేటప్పుడు మొదట లెక్కపెట్టాల్సింది ఆ పళ్ళే.

టైర్లు 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే కంకర మీద నిలకడగా ఉంటుంది. గాలి రాయిలా కొట్టించకండి. ఆయన బరువుకి 40 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటే చక్రం రాళ్ళ మీద ఎగరకుండా వాటిని మింగుకుంటూ పోతుంది. చేతులకీ నడుముకీ సుఖం. డిస్క్ బ్రేకులుంటే మంచిది.

సీటు ఎత్తు సంగతి. మీ నాన్నగారి కాలంలో ఆపగానే రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు కిందికి పెట్టుకునేవాళ్ళు. ట్రాఫిక్‌లో అదే క్షేమం. కానీ మోకాళ్ళ నొప్పికి సగం కారణం ఆ పొట్టి సీటే. పెడల్ కిందికొచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. ఆ కొలతకి పెట్టండి. దిగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకి జారి దిగడం రెండు రోజులు అలవాటు చేయించండి.

బ్యాటరీబండి · సోమవారం సాయంత్రం

ఇంత కష్టం దేనికండీ? ఈ-బైక్ తీసుకోండి. మా అమ్మ 70 ఏళ్ళ వయసులో నాతో పాటు కొండ దారులు తిరుగుతోంది. 400 వాట్ అవర్ల బ్యాటరీ ఉంటే మీ దారి చుట్టి వచ్చాక కూడా ఛార్జింగ్ మిగులుతుంది. ఎక్కుళ్ళలో సాయం తీసుకుని, మిగతా చోట్ల ఆపేసుకుంటే చాలు.

నీలిగట్టు · సోమవారం రాత్రి

బ్యాటరీబండి గారూ, మీ అమ్మగారి గురించి చదివి ముచ్చటేసింది. నాన్నని అడిగాను. తనకి సాయం వద్దని కాదు, తన కాళ్ళు ఇంకా ఎంత వరకూ వస్తాయో తెలుసుకోవాలని ఉందట. అలా అన్నాక నేనింక ఏమీ అనలేకపోయాను.

పాతచైను · సోమవారం రాత్రి

ఆయన మాట ఆయన్ని నెగ్గించుకోనివ్వండి. ఈ-బైక్ చెడ్డదని కాదు, నేనూ రేపు ఎక్కుతాను. ఒక్కటే గుర్తుంచుకోవాలి. చాలా ఈ-బైకులు 20 కిలోలు దాటతాయి. గేటు మూసి ఉండి పక్క సందులోంచి ఎత్తి దాటించాల్సి వస్తే, లేదా నిటారు కంకర ఎక్కుడులో దిగి తొయ్యాల్సి వస్తే, ఆ బరువు తెలుస్తుంది.

గంటమోత · మంగళవారం ఉదయం

బండ్లు లేని దారి అన్న మాట దగ్గర ఒకసారి ఆగండి. బయటి బండ్లు రావన్నదే దాని అర్థం. కట్ట సిబ్బంది జీపు రావచ్చు, అడవిలో నరికిన దుంగలు మోసే లారీ రావచ్చు. దుంగల పని ఎక్కువగా పనిదినాల్లో ఉంటుంది కాబట్టి ఆదివారం పెట్టుకోండి. లారీ జ్ఞాపకం ఉన్న మనిషికి, లారీ లేదని చెప్పిన చోట లారీ ఎదురైతే అది మామూలు భయం కాదు. ఫలానా రోజు పని ఉందా అని ముందే అడిగి తెలుసుకుని, ఉన్న మాట ఆయనకి చెప్పండి.

ఇంకో సంగతి. అలాంటి దారిలో అందరికన్నా వేగంగా వెళ్ళేది మనమే అవుతాం. రోడ్డు మీద మన పక్కనుంచి లారీ ఎలా పోయిందో, అక్కడ నడిచేవాళ్ళ పక్కనుంచి మనం అలా పోగలం. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చే సైకిల్‌కి పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. దూరం నుంచే గంట కొట్టండి, దగ్గరికొచ్చాక నోటితో పలకరించండి. గుర్రం ఎదురైతే గంట వద్దు. వేగం తగ్గించి, మాట వినిపిస్తూ, వీలైనంత ఎడంగా దాటాలి. గుర్రం సైకిల్‌ని గుర్తుపట్టకపోవచ్చు గానీ మనిషి గొంతు గుర్తుపడుతుంది. రౌతు ఆగమంటే ఆగిపోవాలి.

వాగుదాటి · మంగళవారం మధ్యాహ్నం

ఎక్కుళ్ళ గురించి అందరూ చెప్పారు. నేను దిగుళ్ళ గురించి చెబుతాను. రెండేళ్ళ కిందట ఇలాంటి దారిలోనే నా జబ్బ ఎముక విరిగింది.

వాగు దగ్గరికి దిగుడు. కింద చెక్క వంతెన. చెట్ల నీడ, ఉదయం ఎనిమిది. రాత్రి మంచుకి తడిసిన చెక్క మీద పల్చగా నాచు పట్టి ఉంది. పైనుంచి చూస్తే మామూలు చెక్కలాగే ఉంది. వంతెన ఎక్కాక వేగం ఎక్కువైందనిపించి ముందు బ్రేక్ పట్టాను. ముందు చక్రం పక్కకి వెళ్ళిపోయింది. అంతే, చెప్పడానికి ఇంకేం లేదు. అద్దెకి తెచ్చుకున్న బండి. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయని తర్వాత తెలిసింది, బయల్దేరే ముందు నేను చూసుకోలేదు.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాను. వంతెన రాకముందే, కంకర మీద ఉండగానే వేగమంతా తగ్గించేస్తాను. చెక్క మీదికి వచ్చాక బ్రేక్ ముట్టుకోను, హ్యాండిల్ తిప్పను, తిన్నగా వదిలేస్తాను. పశువులు దాటకుండా వేసే ఇనుప కడ్డీల అడ్డం మీద కూడా ఇంతే. కడ్డీలకి అడ్డంగా తిన్నగా దాటాలి, ఏటవాలుగా వెళ్తే చక్రం ఇరుక్కుంటుంది. పొడుగు దిగుళ్ళలో బ్రేక్ అదేపనిగా పట్టి ఉంచకుండా, పట్టి వదిలి పట్టి వదిలి దిగాలి. పెడళ్ళు రెండూ సమానంగా, ఒళ్ళు కొంచెం వెనక్కి.

దక్షిణపు ఒడ్డు అడవి అన్నారు. అక్కడికి పొద్దున్నే వెళ్ళకండి. నాకు తెలిసి మీకు చెప్పగలిగిన అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే.

గాలివాటం · మంగళవారం రాత్రి

వాగుదాటి అన్న మాటకి నేనూ ఒక మాట కలుపుతాను. మీరు కట్ట దగ్గర కాకుండా పడమర కొసన, నది వచ్చే చోట మొదలెట్టండి.

కొండ లోయల్లో గాలికి ఒక దినచర్య ఉంటుంది. రాత్రి వాలులు చల్లబడి, బరువెక్కిన గాలి లోయ కిందికి జారుతుంది. ఎండెక్కాక వాలులు వేడెక్కి గాలి లోయ పైకి లేస్తుంది. ఇటలీలో గార్దా సరస్సు మీద ఇది గడియారంలా నడుస్తుంది. పొద్దున ఉత్తరం నుంచి వీచే గాలిని పెలేర్ అంటారు, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేదాన్ని ఓరా అంటారు. తెరచాప పడవలవాళ్ళు ఈ రెండింటిని నమ్ముకునే రోజు మొదలెడతారు.

కట్ట ఎప్పుడూ లోయ కింది కొసనే ఉంటుంది. అక్కడ మొదలెడితే ప్రదక్షిణంగా వెళ్ళినా అప్రదక్షిణంగా వెళ్ళినా పొద్దున గాలికి ఎదురు వెళ్ళి, మధ్యాహ్నం మళ్ళీ గాలికి ఎదురు రావాలి. పడమర కొసన మొదలెడితే పొద్దున గాలితో పాటు కట్ట వైపు దిగుతారు, మధ్యాహ్నం దిశ మారిన గాలి వెనకనుంచి తోస్తుంటే పైకి వస్తారు. నీటి మీదుగా వచ్చే గాలికి అడ్డు ఉండదు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. మబ్బు పట్టినా, పెద్ద గాలి ఏదైనా వచ్చినా ఈ లెక్క తప్పుతుంది. అందుకని ముందు రోజు సూచన చూసుకోండి.

పడమరనుంచి ప్రదక్షిణంగా అయితే మొదట ఉత్తరపు ఒడ్డు, ఎండ పడే వైపు. దక్షిణపు అడవిలోకి వెళ్ళేసరికి పదిన్నర దాటుతుంది, చెక్కలు ఆరిపోతాయి.

పాతచైను · బుధవారం ఉదయం

గాలి మాట ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, కష్టమైన ఒడ్డును రెండో సగానికి పెడుతున్నావు. అలసిపోయిన కాళ్ళతో ఐదు వంకలు. నా అనుభవంలో కష్టాన్ని ముందు తీర్చుకోవడమే మేలు. సరస్సు చుట్టూ తిరిగేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. సగం దాటాక వెనక్కి తిరిగినా లాభం లేదు, ముందుకే పోవాలి. ఆ సగం కూడా కిలోమీటర్ల సగం కాదు, శ్రమలో సగం. ఎక్కుళ్ళన్నీ రెండో భాగంలో ఉంటే 19వ కిలోమీటరు దగ్గర ఎక్కుళ్ళలో అయిపోయింది దాదాపు పావు వంతే.

కాంటూరు · బుధవారం మధ్యాహ్నం

ఇద్దరిదీ సరైన మాటే. కానీ ఇక్కడ ఒక అనుకూలం ఉంది. పడమర నుంచి బయల్దేరితే 17 కిలోమీటర్లకి కట్ట వస్తుంది. అక్కడ గేటు ఉంది, కారు రాగలదు. అంటే నీలిగట్టు గారి ఆయన కట్ట దగ్గర ఎదురు చూడొచ్చు. నాన్నగారు 17 కిలోమీటర్లు హాయిగా తొక్కి అక్కడ దిగి కూర్చుని, కాళ్ళని అడిగి తేల్చుకోవచ్చు. అక్కడ ఆగిపోయినా అది ఒక పూర్తి ప్రయాణమే. దక్షిణం ముందు పెట్టుకుంటే ఇబ్బంది వచ్చేది అడవి మధ్యలో, మూడో వంక దగ్గర, ఫోన్ సిగ్నల్ లేని లోయలో.

మొత్తం చుట్టి తీరాలన్న పట్టు కూడా అవసరం లేదండీ. స్కాట్లండ్‌లో లోక్ కాట్రిన్ అని ఒక సరస్సు ఉంది. 1859 నుంచి గ్లాస్గో నగరానికి తాగునీరు అక్కణ్ణుంచే వెళ్తోంది. ఉత్తరపు ఒడ్డున నీటి సంస్థ దారి ఒకటి ఉంది, బయటి బండ్లకి ప్రవేశం లేదు. అది సరస్సు చుట్టూ పూర్తిగా రాదు. జనం సైకిళ్ళని పడవెక్కించుకుని అవతలి కొసన దిగి, దాదాపు 21 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెనక్కి వస్తారు. ఫ్రాన్స్‌లో అన్నెసీ సరస్సు పడమటి ఒడ్డున పాత రైలు మార్గం మీద సైకిల్ దారి వేశారు. మధ్యలో సొరంగం కూడా ఉంటుంది. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి అలాంటి దారులు చాలా వరకు నూటికి రెండు మీటర్లకి మించి లేవవు. ఎప్పుడైనా రెండు దారుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి పాత రైలు మార్గమే చెబుతాను.

వాగుదాటి · బుధవారం మధ్యాహ్నం

అయితే పడమర నుంచే, ప్రదక్షిణంగానే. నా ఓటు దానికే.

పెద్ద సరస్సుల విషయంలో దిశ గురించి ఇంకో కారణం చెబుతారు. జపాన్‌లో బివా సరస్సు చుట్టూ తిరిగే దారి దాదాపు 200 కిలోమీటర్లు, అందులో బండ్లు తిరిగే రోడ్లు కూడా ఉంటాయి. అక్కడ అప్రదక్షిణంగా తొక్కమంటారు. ఆ దేశంలో ఎడమ పక్కన వెళ్ళాలి కాబట్టి అలా వెళ్తే సరస్సు మన వైపే ఉంటుంది, రోడ్డు దాటకుండానే నీటి పక్కన ఆగొచ్చు. మీ దారిలో బండ్లే లేవు గనుక ఈ నియమంతో మీకు పని లేదు. ఏ పక్కకి బుద్ధి పుడితే ఆ పక్కన ఆగొచ్చు.

నీలిగట్టు · ఏడు వారాల తర్వాత, సోమవారం

వెళ్ళొచ్చాం.

మీరందరూ చెప్పినవి ఒక్కటి కూడా వదలకుండా చేశాం. ముందు 28, వెనక 34 పళ్ళున్న బండి తెచ్చుకుని, ప్యాడ్లు నేనే చూసుకున్నాను. ఆరు వారాలు తొక్కారు నాన్న. సీటు పైకి పెట్టిన మూడో రోజు నుంచీ మోకాళ్ళ ఊసే లేదు. ఆదివారం దుంగల పని లేదని గంటమోత గారు చెప్పినట్టే అడిగి కనుక్కున్నాను.

పొద్దున 7:10కి పడమర గేటు దగ్గర బయల్దేరాం. నీటి మీద మంచు తెరలా ఉంది, అవతలి ఒడ్డు కనిపించలేదు. గాలివాటం గారూ, గాలి నిజంగానే వెనకనుంచి వచ్చింది, చెవుల దగ్గర చప్పుడే లేదు.

మొదటి నాలుగైదు కిలోమీటర్లు నాన్న ప్రతి నిమిషానికీ తల తిప్పి వెనక్కి చూశారు. ఏమీ లేదని తెలుసు, అయినా చూశారు. నేనేమీ అనలేదు. ఒక చోట దారి నీళ్ళకి బాగా దగ్గరగా వచ్చింది. ఏదో పక్షి నీళ్ళలో మునిగి చాలాసేపటికి దూరంగా తేలింది. అది ఎక్కడ తేలుతుందా అని ఇద్దరం చూస్తూ తొక్కాం. ఆ తర్వాత ఆయన వెనక్కి చూడడం మానేశారు. ఎప్పుడు మానేశారో నాకూ సరిగ్గా తెలీదు.

పక్కపక్కన తొక్కాం. ఇది మీలో ఎవరూ చెప్పలేదు, బహుశా మీకు అలవాటైపోయి ఉంటుంది. చిన్నప్పుడు ఆయన బండి ముందు కడ్డీ మీద కూర్చున్నాను, పెద్దయ్యాక ఆయన వెనకాల తొక్కాను. పక్కన తొక్కడం ఇదే మొదలు. రోడ్డు మీద కుదిరేదే కాదు. పాతచైను గారు చెప్పిన పూర్తి వాక్యం పరీక్ష పెట్టుకుని వెళ్ళాం గానీ, నాన్న చెప్పిన వాక్యాలు ఒక గంటకి సరిపోయాయి. నాకు తెలియని సంగతులు చాలా చెప్పారు.

కట్ట 9:00కి వచ్చింది. మా ఆయన అక్కడ ఉన్నారు. నలభై నిమిషాలు కూర్చున్నాం. నాన్న లేచి సైకిల్ తీసుకుని నా వైపు చూశారు. అంతే, దక్షిణం వైపు బయల్దేరాం.

అక్కడ కష్టమే. మొదటి రెండు వంకలూ చిన్న గేర్‌లో ఎక్కేశారు. మూడో వంకలో వంతెన దాటాక ఎక్కుడు చాలా నిటారు. సగంలో దిగి నడిచారు, నేనూ దిగాను. ఐదు నిమిషాలు నడిచాం. చెక్క వంతెనలు అప్పటికి ఆరిపోయి ఉన్నాయి, అయినా వాగుదాటి గారిని తలుచుకుని అన్నిటికీ ముందే వేగం తగ్గించాం. నాలుగో వంక దగ్గర గుర్రం మీద ఒకావిడ ఎదురొచ్చారు. నాన్న సైకిల్ దిగి పక్కన నిలబడి గుర్రానికి నమస్కారం అన్నారు. ఆవిడ ఆగి చాలాసేపు మాట్లాడారు.

మధ్యాహ్నం 1:05కి మళ్ళీ పడమర గేటు. నాన్న చేతికి పెట్టిన గడియారంలో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచేది ఉంది. మొత్తం 430 మీటర్లు చూపించింది. కాంటూరు గారి అంచనా నిలబడింది.

పాతచైను · సోమవారం రాత్రి

అమ్మా, రెండు సార్లు చదివాను. ఆ మూడో వంక దగ్గర దిగి నడవడం సరైన పని. ఇలాంటి చోట దిగకుండా మొండికేసి మోకాలు పాడుచేసుకున్నవాళ్ళని చూశాను. రాత్రి కాళ్ళు పట్టేశాయా ఆయనకి?

నీలిగట్టు · మంగళవారం ఉదయం

పట్టేయలేదండీ. తొడలు కొంచెం బిగుసుకున్నాయన్నారు, పొద్దునకి సర్దుకున్నాయి. అరచేతులు మాత్రం తిమ్మిరెక్కాయట.

నిన్న సాయంత్రం మ్యాప్ తెరిచి కూర్చున్నారు. వచ్చే నెలలో అదే సరస్సు, అదే గేటు నుంచి, ఈసారి అప్రదక్షిణంగా వెళ్దామంటున్నారు. అడవి వైపు వెలుతురు అటునుంచి ఎలా ఉంటుందో చూడాలట. ఏమైనా మారుతుందా?

స్పోకు · మంగళవారం ఉదయం

తిమ్మిరికి హ్యాండిల్ కొంచెం పైకి లేపండి అక్కా. చేతుల మీద బరువు ఎక్కువ పడుతోంది. మెత్తటి గ్రిప్పులు వేయించండి. పది నిమిషాలకోసారి చేతులు ఒకటొకటిగా విదిలించమనండి.

వాగుదాటి · మంగళవారం మధ్యాహ్నం

మారుతుందండీ. అడవి ఒడ్డు పొద్దున్నే వస్తుంది, వంతెనలు తడిగా ఉంటాయి. కాబట్టి తొమ్మిదిన్నర దాటాకే బయల్దేరండి. తిరిగి వచ్చేటప్పుడు గాలి మీ వెనకే ఉంటుంది, అది మారదు. కానీ మీరు మూడో వంకలో నడిచి ఎక్కిన ఎక్కుడు ఈసారి దిగుడు అవుతుంది, దాని అడుగున అదే చెక్క వంతెన ఉంటుంది. అక్కడ ఇద్దరూ దిగి, బ్రేకులు రెండూ పట్టుకుని సైకిళ్ళు నడిపించుకుంటూ కిందికి వెళ్ళండి.